ఆ ఒక్క కుస్తీ... నిజం!

ఫలితం ముందే రాసిపెట్టి ఉండే ఆటలో దాదాపు పదిహేడేళ్లు ప్రపంచ ఛాంపియన్‌గా వెలిగిందామె. ఒక్క రాత్రి మాత్రం స్క్రిప్టు లేదు. ఎదురుగా నిలబడింది మాజీ భర్త కోడలు. ఆ రాత్రి గెలిచిందెవరన్నది డెబ్భై ఏళ్లు దాటినా తేలని వాదనే. హోటల్లో ప్లేట్లు అందిస్తూ మొదలై, రెండు దేశాల్లో మహిళల రెజ్లింగ్‌కి దారి వేసిన మిల్డ్రెడ్ బర్క్ కథ ఇది.

టీవీలో రెజ్లింగ్ వస్తుంటే పిల్లలు కన్నార్పరు. ‘అదంతా ఉత్తుత్తిదేరా, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు’ అని పెద్దవాళ్లు ఎంత చెప్పినా చెవికెక్కదు. పెద్దవాళ్లు అన్నదీ నిజమే. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో ప్రమోటర్లు ముందే నిర్ణయిస్తారు. కానీ ఎత్తి పడేస్తే నేలకి తగిలే వీపు నిజం. విరిగే పక్కటెముక నిజం. వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్తుందన్న తగాదా అంతకన్నా నిజం. మిల్డ్రెడ్ బర్క్ ఈ మూడింటినీ చూసింది.

హోటల్లో మొదలైంది

మిల్డ్రెడ్ 1915 ఆగస్టు 5న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, కాఫీవిల్ అనే ఊళ్లో పుట్టింది. అసలు పేరు మిల్డ్రెడ్ బ్లిస్. ‘బర్క్’ గోదాలోకి దిగాక పెట్టుకున్న పేరు. పదిహేనేళ్లకే చదువు ఆపేసి, న్యూమెక్సికో రాష్ట్రంలో గాలప్ దగ్గర జూనీ తెగవారు ఉండే ప్రాంతానికి వెళ్లి వెయిట్రెస్‌గా చేరింది. అక్కడ కొన్నాళ్లు గడిచేసరికి విసుగొచ్చేసింది. పెళ్లి చేసుకుంటే అయినా ఆ ఊరు వదలొచ్చని పదిహేడేళ్ల వయసులో పెళ్లి చేసుకుంది. కాపురం కాన్సస్ సిటీకి మారింది.

ఓరోజు భర్త ఆమెని సరదాగా కుస్తీ పోటీలకి తీసుకెళ్లాడు. మగవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎత్తి కుదేస్తుంటే పక్కనున్న ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారేమోగానీ మిల్డ్రెడ్ మాత్రం ఒక్కో పట్టూ గమనిస్తూ కూర్చుంది. ‘ఇది నేనూ చేయగలను’ అన్న ఆలోచన అప్పుడే మనసులో పడింది. ఇంతలో ఆమె గర్భవతి అయింది. భర్త వదిలేసి వెళ్లిపోయాడు.

అది 1930ల మొదటి భాగం. అమెరికాని ఆర్థికమాంద్యం కుదిపేస్తున్న కాలం. మగవాళ్లకే పనిలేదు. పొత్తిళ్లలో బిడ్డ, తల్లి నడిపే చిన్న హోటల్లో వెయిట్రెస్ పని... ఇరవై ఏళ్లయినా నిండకుండా మిల్డ్రెడ్ జీవితం అక్కడికి చేరింది. ఆ హోటల్‌కి రోజూ భోజనానికి వచ్చేవాడు బిల్లీ వుల్ఫ్. ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు, అప్పటికి కొందరు ఆడపిల్లలకి శిక్షణ కూడా ఇస్తున్నాడు. ‘నాకూ నేర్పించండి’ అని అడిగింది మిల్డ్రెడ్. ఐదడుగుల రెండంగుళాల ఆ అమ్మాయిని చూసి అతను నవ్వేశాడు. ఆమె వదల్లేదు. అడుగుతూనే ఉంది.

విసిగిపోయిన వుల్ఫ్ ఓ ఉపాయం పన్నాడు. తన దగ్గరున్న ఓ కుర్ర వస్తాదుని పిలిచి, ‘ఆ పిల్లని గట్టిగా ఎత్తి పడెయ్. మళ్లీ ఇటువైపు రాదు’ అని చెప్పాడు. ఇద్దరూ తలపడ్డారు. కాసేపటికి నేలమీద వెల్లకిలా కనిపించింది మాత్రం... ఆ కుర్రాడే!

పాతిక డాలర్ల పందెం

వుల్ఫ్‌కి ఆమెలో డబ్బు కనిపించింది. అప్పట్లో అమెరికా పల్లెల్లో సంచార తిరనాళ్లు జోరుగా సాగేవి. రంగులరాట్నం, గారడీల పక్కనే ఓ డేరా వేసి కుస్తీ గోదా పెట్టేవారు. అక్కడ నిలబడి వుల్ఫ్ సవాలు విసిరేవాడు. ‘ఈ అమ్మాయిని పది నిమిషాల్లో చిత్తు చేసినవాడికి 25 డాలర్లు!’ షరతు ఒక్కటే. పోటీకి వచ్చేవాడి బరువు ఆమె బరువు కన్నా తొమ్మిది కిలోలకి మించి ఎక్కువ ఉండకూడదు.

పని దొరకని రోజుల్లో పాతిక డాలర్లంటే మాటలా? పొలం పనులు చేసి కండలు తిరిగిన యువకులు వరస కట్టేవారు. ఆడపిల్ల చేతిలో ఓడితే ఊళ్లో తలెత్తుకోలేమన్న భయం ఒకవైపు, వందల మంది చూస్తున్నారన్న పౌరుషం మరోవైపు. అందుకే ఎవరూ సరదాగా ఆడేవారు కాదు. మిల్డ్రెడ్‌కీ అది నాటకం కాదు. ఓడితే పందెం డబ్బు పోతుంది. ఆ డేరాల్లో రెండువందల మందికి పైగా మగవాళ్లతో తలపడ్డానని, ఒక్కడి చేతిలోనే ఓడానని ఆమె చెప్పుకునేది. లెక్క ఎంతైనా, తర్వాతి కాలంలో ఆమెని కాపాడిన పట్లన్నీ నేర్చింది మాత్రం ఆ మట్టిలోనే.

1937లో టెన్నెసీ రాష్ట్రంలోని చట్టనూగా నగరంలో, అప్పటికే మహిళా ఛాంపియన్‌గా పేరున్న క్లారా మార్టెన్సన్‌ని ఓడించి ప్రపంచ టైటిల్ అందుకుంది మిల్డ్రెడ్. అక్కణ్నుంచి వెనుదిరిగి చూడలేదు.

కిరీటం ఆమెది... కళ్లెం అతనిది

అప్పటిదాకా ఆడవాళ్ల కుస్తీ అంటే ప్రేక్షకులకి ఓ వింత. బురదలోనో, తిరనాళ్ల డేరాలోనో నవ్వుకోవడానికి చూసే తతంగం. కొన్ని రాష్ట్రాలైతే అసలు అనుమతే ఇవ్వలేదు. న్యూయార్క్‌లో ఆ నిషేధం 1972 దాకా కొనసాగింది. అలాంటి చోట మిల్డ్రెడ్ తెల్లటి దుస్తుల మీద రాళ్లు పొదిగిన తళుకుల కోటు వేసుకుని రాణిలా నడిచొచ్చేది. కోటు తీసి పక్కన పెట్టగానే అరవై రెండు కిలోల శరీరంలో ఉక్కుతీగల్లాంటి కండరాలు కనిపించేవి. ఆడవాళ్లకి కండలుంటే ఎబ్బెట్టుగా చూసే రోజుల్లో ఆమె వాటిని దాచుకోలేదు. కండలు బిగించి ఫొటోలు దిగింది.

ఆమె ఆటలోనూ పస ఉండేది. ప్రత్యర్థిని చుట్టచుట్టి, ఇక లేవకుండా నేలకి నొక్కిపెట్టే ‘ఎలిగేటర్ క్లచ్’ ఆమె సొంత పట్టు. మన వస్తాదుల భాషలో చెప్పాలంటే మొసలిపట్టు! రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి అమెరికాలో పెద్దపెద్ద స్టేడియాల్లో ఆమె పేరు మీద టికెట్లు తెగేవి. ఆమెని చూసి ఎందరో ఆడపిల్లలు ఈ వృత్తిలోకి వచ్చారు. టైపు మిషన్ల దగ్గర, ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో చాలీచాలని జీతానికి పనిచేసేవారికి అదో కొత్తదారి.

కానీ ఆ దారికి గేటు ఒకటే. దాని తాళంచెవి బిల్లీ వుల్ఫ్ దగ్గర ఉంది. అప్పటికే అతను మిల్డ్రెడ్‌కి గురువు, మేనేజరు మాత్రమే కాదు, భర్త కూడా. దేశంలో పేరున్న మహిళా రెజ్లర్లలో అత్యధికులు అతని బృందంలోనే ఉండేవారు. ఎవరు ఎక్కడ ఆడాలి, ఎవరు గెలవాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి... అంతా అతని ఇష్టం. సంపాదనలో పెద్ద వాటా అతనిదే. బృందంలోని అమ్మాయిలతో సంబంధాలూ దాపరికం లేకుండా నడిపేవాడు. ఎదురు మాట్లాడితే భార్య మీద చేయిచేసుకునేవాడని మిల్డ్రెడ్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది.

మరి అంత బలవంతురాలు ఎందుకు భరించింది? ఎందుకంటే బయటికి వెళ్తే గోదా లేదు. ఆమె టైటిల్‌ని గుర్తించేది ప్రమోటర్లు. ప్రమోటర్లతో లావాదేవీలన్నీ వుల్ఫ్‌వి. రెండువందల మందిని పడగొట్టిన చేతులకి ఒప్పంద పత్రం మీద మాత్రం పట్టు లేదు.

రింగు పక్కనే కూలిన పిల్ల

నాటకమే అయినా ఒళ్లు నిజమని ముందే అనుకున్నాం. 1951 జులైలో అది ఘోరంగా రుజువైంది. ఆ దంపతులు దత్తత తీసుకున్న అమ్మాయి జానెట్ కూడా రెజ్లరే. వయసు పద్దెనిమిది. ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో ఆ రాత్రి రెండు పోటీల్లో దిగింది. తలనొప్పిగా ఉందంటూనే రెండోదానికి సిద్ధమైంది. ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఆ పోటీ మధ్యలో రింగు పక్కనే కుప్పకూలింది. తలలో రక్తస్రావమై చనిపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ పడిన దెబ్బ తగ్గేదాకా ఆగే ఏర్పాటు ఆ వ్యాపారంలో లేదు. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట... ఆటకి విరామం ఉంటే ఆదాయానికీ విరామమే.

మరుసటి ఏడాది, అంటే 1952లో మిల్డ్రెడ్, వుల్ఫ్ విడాకులు తీసుకున్నారు.

విడాకుల్లో ఇల్లూ వాకిలీ పంచుకోవచ్చు. మహిళల రెజ్లింగ్‌ని ఎలా పంచుకోవాలి? దేశంలోని ప్రమోటర్ల కూటమి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ ముందుకు వచ్చింది తగవు. వుల్ఫ్ వ్యాపారాన్ని మిల్డ్రెడ్ 30 వేల డాలర్లకి కొనుక్కునేలా, అతను ఆ రంగం నుంచి తప్పుకునేలా ఒప్పందం కుదిరింది. డబ్బు ఆమె దగ్గర్నుంచి వచ్చింది. మాట మాత్రం అతని దగ్గర్నుంచి రాలేదు. కొన్నాళ్లకే వుల్ఫ్ మళ్లీ రంగంలోకి దిగాడు. పాత పరిచయాలున్న ప్రమోటర్లు అతనివైపే మొగ్గారు. మిల్డ్రెడ్ సంస్థ అప్పుల్లో కూరుకుపోయి కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది.

1953లో వుల్ఫ్ వర్గం ఓ టోర్నమెంటు జరిపి, అందులో గెలిచిన జూన్ బయర్స్‌ని ప్రపంచ ఛాంపియన్ అని చాటింది. ఆమె వుల్ఫ్ కొడుకుని పెళ్లాడింది. అంటే అతనికి కోడలు! టెక్సాస్‌కి చెందిన బయర్స్ మిల్డ్రెడ్ కన్నా ఏడేళ్లు చిన్నది, పొడవూ బరువూ కూడా ఎక్కువే. ఒకే కిరీటానికి ఇద్దరు రాణులు. ఇక తేల్చుకోక తప్పదు.

స్క్రిప్టు లేని రాత్రి

1954 ఆగస్టు 20. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరం.

రెజ్లర్ల భాషలో ముందే అనుకుని ఆడేదాన్ని ‘వర్క్’ అంటారు. నిజంగా తలపడితే ‘షూట్’. ఆ రాత్రిది షూట్. ఎందుకంటే ‘నువ్వు ఓడిపో’ అంటే ఒప్పుకోవడానికి ఆ ఇద్దరిలో ఎవరూ సిద్ధంగా లేరు. ప్రేక్షకులకి మాత్రం ఆ సంగతి తెలియదు. వాళ్లకి అది మామూలు పోటీల్లో మరొకటి.

నియమం ప్రకారం మూడు ఫాల్స్‌లో రెండు గెలిచినవారిదే టైటిల్. ఫాల్ అంటే ప్రత్యర్థి రెండు భుజాలనీ నేలకి ఆనించి రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా లేవకుండా పట్టి ఉంచడం. మిల్డ్రెడ్ వయసు అప్పటికి ముప్ఫై తొమ్మిది. మోకాలికి పాతదెబ్బ ఉండనే ఉంది. పోటీ మొదలయ్యాక ఆ మోకాలు పట్టుతప్పింది. మొదటి ఫాల్ బయర్స్‌ది. మోకాలు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుందని తనే దాన్ని వదులుకున్నానని మిల్డ్రెడ్ తర్వాత చెప్పింది.

రెండో ఫాల్ మొదలైంది. నిమిషాలు గడుస్తున్నాయి. బయర్స్ ఎంత ప్రయత్నించినా మిల్డ్రెడ్ భుజాలు నేలకి ఆనలేదు. మిల్డ్రెడ్‌కీ పట్టు చిక్కలేదు. నిజమైన కుస్తీ టీవీలో చూసేలా ఉండదు. గాల్లోకి ఎగరడాలూ తాళ్ల మీంచి దూకడాలూ ఉండవు. ఒకరి మీద ఒకరు బరువు మోపి, ఊపిరి బిగబట్టి, అంగుళం కోసం పెనుగులాడటమే. చివరికి ఎంతకీ తేలకపోవడంతో అధికారులు పోటీని ఆపేశారు.

‘రెండు ఫాల్స్ గెలవాలి కదా. ఆమె గెలిచింది ఒక్కటే. కాబట్టి టైటిల్ నాదే’ అనుకుంటూ రింగు దిగింది మిల్డ్రెడ్. ఆమె లెక్క తప్పుకాదు. కానీ పేపర్లలో వచ్చిన కబురు వేరు. ప్రమోటర్లు ప్రచారం చేసిన కబురు వేరు. బయర్స్ గెలిచిందన్నారు. ఛాంపియన్‌గా ఆమెకే పోటీలు ఇచ్చారు. గోదాలో తేలనిది ఆఫీసుల్లో తేలిపోయింది.

టోక్యోకి దారి

ఇంకొకరైతే అక్కడితో సర్దుకుని ఇంటికెళ్లిపోయేవారు. మిల్డ్రెడ్ సొంతంగా ‘వరల్డ్ విమెన్స్ రెజ్లింగ్ అసోసియేషన్’ పేరుతో సంస్థ పెట్టి, తానే ఛాంపియన్‌నని ప్రకటించుకుంది. అమెరికాలో తలుపులు మూసేస్తే ఏం? అట్లాంటా పోటీ జరిగి మూడు నెలలైనా కాలేదు... 1954 నవంబరులో కొందరు అమెరికన్ మహిళా రెజ్లర్లని వెంటబెట్టుకుని జపాన్ వెళ్లింది. వారిలో మే యంగ్ ఒకరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సరిగ్గా ఆ ఏడాదే జపాన్‌కి రెజ్లింగ్ పిచ్చి పట్టింది. ఫిబ్రవరిలో రికిడోజాన్ అనే వస్తాదు విదేశీ రెజ్లర్లతో తలపడుతుంటే, వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం కిక్కిరిసి చూశారు. అయితే ఆడవాళ్ల కుస్తీ మాత్రం అక్కడా క్లబ్బుల్లో నవ్వించే ప్రదర్శనగానే ఉండేది. మిల్డ్రెడ్ బృందం టోక్యోలో సుమో పోటీలు జరిగే పెద్ద హాల్లో ప్రదర్శన ఇచ్చింది. పట్టుకి పట్టు, ఎత్తుకి పైఎత్తు... ఆడవాళ్లు ఇలా కూడా పోరాడతారా అని జపాన్ నోరెళ్లబెట్టింది. తర్వాతి ఏడాదికల్లా అక్కడ మహిళల రెజ్లింగ్ బృందాలు వరసగా పుట్టుకొచ్చాయి.

అవి కొన్నాళ్లకి చల్లబడినా, 1968లో ‘ఆల్ జపాన్ విమెన్స్’ అనే సంస్థ మొదలయ్యాక ఆ ఆట మళ్లీ ఊపందుకుంది. 1970లో ఆ సంస్థ తన అత్యున్నత టైటిల్‌గా స్వీకరించింది మిల్డ్రెడ్ పెట్టిన అసోసియేషన్ ప్రపంచ టైటిల్‌నే. ‘ఎర్ర బెల్టు’ అంటే జపాన్‌లో రెజ్లింగ్ అభిమానులందరికీ తెలుసు. 1970ల్లో జాకీ సాటో, మాకీ ఉయెడా జంట ‘బ్యూటీ పెయిర్’ పేరుతో రెజ్లింగ్‌తోపాటు పాటలూ పాడి దేశాన్ని ఊపేసింది. 1980ల్లో ‘క్రష్ గాళ్స్’ వంతు. వీళ్ల పోటీలకి స్టేడియాలు నిండిపోయేవి. విశేషం ఏంటంటే... వచ్చేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు కాదు, స్కూలు పిల్లలు, అదీ ఆడపిల్లలు! అమెరికాలో మహిళల పోటీని మగవాళ్ల పోటీల మధ్య పదినిమిషాల విరామంలా చూస్తున్న కాలంలో, జపాన్‌లో కార్యక్రమం మొత్తం ఆడవాళ్లదే. ఆ సంస్థ 2005లో మూతపడే దాకా బుల్ నకానో, అజా కాంగ్, మనామి టొయోటా లాంటి మేటి రెజ్లర్లంతా ఆ ఎర్ర బెల్టు కోసమే పోరాడారు.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

మిల్డ్రెడ్ చివరి సంవత్సరాలు కాలిఫోర్నియాలో గడిచాయి. అక్కడ జిమ్ పెట్టి ఆడపిల్లలకి కుస్తీ నేర్పింది. తన కథ తానే రాసుకుంది కానీ, బతికుండగా అది పుస్తకంగా రాలేదు. 1989 ఫిబ్రవరి 18న డెబ్భై మూడేళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి అమెరికాలో కొత్తతరం అభిమానులకి ఆ పేరే తెలియదు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2009లో జెఫ్ లీన్ అనే పాత్రికేయుడు పాత పత్రికలు, కోర్టు కాగితాలు, ఆమె రాతప్రతి అన్నీ తిరగేసి మిల్డ్రెడ్ జీవితచరిత్ర రాశాడు. 2016లో డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చింది. 2025లో అమెరికా థియేటర్లలోకి వచ్చిన ‘క్వీన్ ఆఫ్ ద రింగ్’ సినిమాలో మిల్డ్రెడ్‌గా ఎమిలీ బెట్ రికార్డ్స్ నటించింది.

ఆమె వేసిన దారి మాత్రం ఈ గౌరవాల కోసం ఆగలేదు. మే యంగ్ గుర్తుంది కదా. 1954లో మిల్డ్రెడ్‌తో టోక్యో వెళ్లిన ఆమె పేరు మీదే 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రపంచ మహిళా రెజ్లర్లందరికీ ‘మే యంగ్ క్లాసిక్’ అనే టోర్నమెంటు జరిపింది. హర్యానాకి చెందిన కవితా దేవి అందులోనే రింగులోకి దిగింది. డబ్ల్యూడబ్ల్యూఈలో పోటీపడిన తొలి భారతీయ మహిళ ఆమె. మిగతావాళ్లంతా మెరుపుల రెజ్లింగ్ దుస్తుల్లో వస్తే, కవిత సల్వార్ కమీజ్‌లో వచ్చింది. తొలి రౌండ్లోనే ఓడిపోయినా ప్రత్యర్థిని ఒంటిచేత్తో తలపైకెత్తిన ఆ దృశ్యాన్ని ఇంటర్నెట్‌లో లక్షలమంది చూశారు.

ఇంతకీ ఆ టోర్నమెంటు గెలిచిందెవరో తెలుసా? కైరీ సేన్... జపాన్ అమ్మాయి!